అరవై ఒకటో పేజీ నుంచి

“డిక్షనరీలో చీటీలు పెట్టిన పేజీలన్నీ తియ్యాలక్కా. కొంచెం నల్లగా రానివ్వండి,” అంటూ ఆ పిల్ల కౌంటరు మీద పెట్టిన పుస్తకానికి అట్ట ఊడిపోయి, అడ్డంగా దారం చుట్టి ఉంది.

ఆపరేటరమ్మ కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చింది. ఆ ప్రింటింగ్ ప్రెస్సులో ఆమెది పద్నాలుగేళ్ల ఉద్యోగం. పుస్తకాలు, కరపత్రాలు, రసీదు బుక్కులు కంపోజ్ చెయ్యడం అసలు పని. ముందు గదిలో జిరాక్స్ మిషను చూసుకోవడం కొసరు పని. అసలుకన్నా కొసరే ఎక్కువసేపు నిలబెడుతుందని మోకాళ్లు రోజూ సాయంత్రం మొరపెట్టుకుంటాయి. ఆమె పేరు యజమానికి కూడా జీతాల రోజునే గుర్తొస్తుంది. మిగతా రోజుల్లో అందరికీ ఆపరేటరమ్మే.

పిల్ల తెలిసినదే. పొద్దున పూట వీధి మలుపులో కళ్లజోళ్ల షాపులో అద్దాలు తుడుస్తుంది, మధ్యాహ్నం కోచింగ్ సెంటరుకి పోతుంది. ప్రెస్సులో కాగితాలు కత్తిరించగా మిగిలిన సన్నటి ముక్కలు అడిగి పట్టుకుపోయి, ఒక్కో ముక్క మీద ఒక్కో ఇంగ్లీషు మాట రాసుకుంటుంది. కళ్లజోళ్ల ఫ్రేముల మధ్య ఆ ముక్కలు గుచ్చి ఉండడం ఆపరేటరమ్మ చాలాసార్లు చూసింది.

“ఇన్ని పేజీలు ఎందుకే?”

“మాష్టారికి చూపించాలి. మాటల పరీక్షలో నాకు వందకి ముప్పై ఎనిమిది వచ్చాయి.”

“అదేంటి! రాత్రీ పగలూ చదువుతావు కదా?”

“చదివాను కాబట్టే ముప్పై ఎనిమిది వచ్చాయి,” అంది పిల్ల. ముఖంలో నవ్వు లేదు. “అరవై రాకపోతే ఉచిత సీటు తీసేస్తారక్కా. గురువారం దాకానే రానిస్తామన్నారు. అసలు ఉద్యోగాల పరీక్షకి ఇంకా మూడు వారాలుంది.”

ఇదిగో, ఇది కూడా తియ్యండి అని జవాబు పేపరు ఇచ్చింది. ఆపరేటరమ్మ దాన్ని గాజు మీద బోర్లించబోయి ఆగింది. పేపరు నిండా ఎర్ర గీతలు. లోక్వేషియస్ అన్న మాట పక్కన పిల్ల గుండ్రటి అక్షరాలతో ‘అతిగా మాట్లాడే’ అని రాసింది. దాని మీద ఇంటూ కొట్టి, దిద్దినవాళ్లు ‘మందకొడి – పుస్తకం 63వ పేజీ’ అని రాశారు. దారం కట్టిన డిక్షనరీలో చీటీ పెట్టిన చోట ఉన్నది మాత్రం ‘అతిగా మాట్లాడే’.

“మా కోచింగ్ సెంటరు మాటల పుస్తకం మీరే వేశారు కదక్కా?” అంది పిల్ల.

ఆపరేటరమ్మ మూత మూసి మీట నొక్కింది. మిషను లోపల వెలుగు అటు నుంచి ఇటు జరిగింది.

“మాష్టారు ఇచ్చింది ఇచ్చినట్టు వేస్తామమ్మా. మాకేం తెలుస్తుంది?”

పిల్ల తలూపింది. కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. దారపు డిక్షనరీ, దాని మధ్యలో పెట్టిన జవాబు పేపరు మాత్రం కౌంటరు మీదే మర్చిపోయింది.

ఆపరేటరమ్మకి ఇంగ్లీషు రాదని కాదు. అక్షరాలన్నీ వచ్చు, కళ్లు మూసుకుని కొట్టగలదు. అర్థమే తెలియదు. ఆ పుస్తకంలో మూడు వేల మాటలు ఆమె చేతి వేళ్ల మీదుగానే వెళ్లాయి గానీ, ఆమెకి అవి ఆకారాలు మాత్రమే. పొట్టివి, పొడుగువి, తోకలున్నవి. ప్రూఫు చూసేటప్పుడు రాతప్రతి మీద వేలు పెట్టి అక్షరం పక్కన అక్షరం సరిపోల్చేది. అచ్చుతప్పు ఒక్కటి కూడా లేదని మాష్టారు అందరి ముందూ మెచ్చుకున్నాడు కూడా. ఆ మెచ్చుకోలు నెల రోజులు ఆమె కడుపు నింపింది.

ఇప్పుడు అలమరలోంచి ఆ పుస్తకం తీసి, ఒక పక్క డిక్షనరీ పెట్టుకుని కూర్చుంది. అరవయ్యో పేజీ దాకా బాగానే ఉంది. అరవై ఒకటిలో తేడా మొదలైంది. లూసిడ్‌కి వాగుడుకాయ. లూక్రేటివ్‌కి స్పష్టమైన. మలెవొలెంట్‌కి పెద్ద మనసు గల. డెబ్భై నాలుగో పేజీ చివరిదాకా ఒక్కటంటే ఒక్కటి సరిగా లేదు. డెబ్భై ఐదు నుంచి మళ్లీ ఏమీ ఎరగనట్టు అన్నీ సరిగ్గా ఉన్నాయి.

మాష్టారి రాతప్రతే తప్పయి ఉండాలి, ఉండాలి, ఉండాలి అనుకుంటూ స్టూలెక్కి పాత కట్టలు దింపింది. దుమ్ము దులిపి రాతప్రతి తెరిచింది. మాష్టారి ముత్యాల్లాంటి దస్తూరీలో అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆమె స్టూలు మీదే కూలబడిపోయింది.

ఇంట్లో అత్తగారు బీన్సు ఈనెలు తీస్తోంది. ఆపరేటరమ్మ మొగుడు లారీ మీద వెళ్లి నాలుగు రోజులైంది. ఆపరేటరమ్మ కాలు కాలిన పిల్లిలా వంటింట్లోకీ వాకిట్లోకీ తిరుగుతోంది. పాలు పొంగిపోయాయి, తుడిచింది. కుళాయి కట్టడం మర్చిపోయింది, మళ్లీ వచ్చి కట్టింది.

“ఏం పోయింది నీది? వెతుకుతున్నావా, లేకపోతే నడక నేర్చుకుంటున్నావా?” అంది అత్తగారు.

“ఏం లేదత్తయ్యా. ప్రెస్సులో ఒక చోట తప్పు పడింది. ఎలా పడిందో తెలియడం లేదు. అక్షరాలన్నీ కరెక్టే.”

అత్తగారు ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో చెకింగు సెక్షన్లో పనిచేసి వచ్చిన మనిషి. ఇంట్లో దుప్పటి పరిచినా అంచు పట్టుకుని వెలుగులో చూసిగానీ పరచదు. “మిగులూ తరుగూ చూశావా?” అంది. “మేం చొక్కా ముక్కలు లెక్కేసి ఇచ్చేవాళ్లం. చివర్లో ఒక చెయ్యి ముక్క మిగిలిందనుకో, అది పారేసేది కాదు. ఎక్కడో ఒక చొక్కా చెయ్యి లేకుండా పోయిందన్న మాటే.”

ఆపరేటరమ్మ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది. చివర్లో ఒకటి మిగిలింది. తనకి మిగిలింది. బాగా గుర్తుంది. పుస్తకం అచ్చుకి వెళ్లే రోజు మాష్టారు ఫోన్ చేసి, ‘లామెంట్ అన్న మాట మొదటి పుస్తకంలోనే ఇచ్చేశామమ్మా, తీసెయ్’ అన్నాడు. ఎడమ గడిలో మాట తీసేసింది. దాని కింది మాటలన్నీ ఒక మెట్టు పైకి జరిగాయి. కుడి గడుల్లో అర్థాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. ఎల్, ఎమ్ మాటల పట్టిక అయిపోయే డెబ్భై నాలుగో పేజీ అడుగున ‘లెక్కలేనన్ని’ అన్న అర్థం మాట లేకుండా ఒంటరిగా మిగిలి కనిపించింది. చెత్త ఎలా వచ్చిందో అనుకుని తన చేత్తోనే చెరిపేసింది. చెరిపేసి, పేజీ అందంగా కుదిరిందని సంతోషపడింది కూడా.

“ఏమైందే? ముఖం అలా అయిపోయింది?”

“ముక్క దొరికిందత్తయ్యా,” అంది ఆపరేటరమ్మ.

మర్నాడు యజమాని వచ్చీ రాగానే చెప్పేసింది. ఆయన కుర్చీలో కూర్చోబోతున్నవాడు సగంలో ఆగిపోయి, మళ్లీ లేచి, తలుపు వేసి వచ్చాడు. ప్రెస్సు పనిలో సగం ఆ కోచింగ్ సెంటరుదే. పుస్తకాలు, ప్రశ్నపత్రాలు, గోడ పోస్టర్లు అన్నీ ఇక్కడే.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు సార్.”

“చెప్పకు. పద.”

కోచింగ్ సెంటరు మాష్టారు రేకుల హాలు పక్కన చిన్న గదిలో మందుబిళ్ల మింగుతున్నాడు. గొంతు పోయింది ఆయనకి. రోజుకి ఆరు గంటలు మైకులో అరిచే మనిషి. పుస్తకం తీసుకుని అరవై ఒకటో పేజీ చూశాడు, అరవై రెండు చూశాడు, ఆ తర్వాత పేజీలు తిప్పడం మానేసి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ప్రూఫులు చూసి మెచ్చుకున్నాక ఆయన ఆ పుస్తకం మళ్లీ తెరిచిన పాపాన పోలేదు. ప్రశ్నపత్రం ఆఫీసులో అమ్మాయిలు ఆ పుస్తకంలోంచే తయారుచేశారు, జవాబులు ఆ పుస్తకం చూసే దిద్దారు.

“తొంభై దాటినవాళ్లు నూట పది మంది,” అన్నాడు బొంగురు గొంతుతో. “ఎప్పుడూ లేనిది అంతమందికి ఎలా వచ్చాయా అని మురిసిపోయాను.”

తర్వాత ఆయనే తేరుకున్నాడు. ఆ పద్నాలుగు పేజీలు కొత్తగా వేసి ఇవ్వండి, పాతవి చింపించి ఇవి అతికిస్తాను, సవరించిన పేజీలని చెబుతాను, అసలు పరీక్షకి ఇంకా టైముంది, నష్టమేమీ లేదు అన్నాడు. యజమాని చేతులు జోడించినంత పని చేశాడు.

ఆపరేటరమ్మ గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. “మరి ఆ పరీక్ష మార్కులో, సార్?”

“ఏ మార్కులు?”

“కళ్లజోళ్ల షాపులో అమ్మాయికి ముప్పై ఎనిమిది వేశారు. ఆ పేజీల్లోంచి అరవై రెండు మాటలు అడిగారు. ఆ అరవై రెండూ తప్పని కొట్టేశారు. అవన్నీ కరెక్టే. నేను డిక్షనరీలో చూశాను. ఆ పిల్లకి వందకి వంద రావాలి సార్.”

మాష్టారు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. “ఒక్కదానికి వంద వెయ్యాలంటే నూట పది మందికి తొంభైలు తీసెయ్యాలమ్మా. జాబితా గోడకి అంటించాం. వాళ్ల ఇళ్లల్లో వాళ్లు వచ్చి నా మీద పడరా? పరీక్ష ముందు పిల్లల గుండె చెదిరితే ఎవరు నిలబెడతారు? ఆ అమ్మాయి తెలివైంది. ఎక్కడున్నా చదువుకుంటుంది.”

బయటికి రాగానే యజమాని గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. “బతికించాడు మహానుభావుడు. నీ ఊసు కూడా ఎత్తలేదు చూడు. ఇంకెవరైనా అయితే ఈపాటికి ఒంటికాలి మీద లేచేవాళ్లు. ఇక నోరు మూసుకుని పేజీలు సరిచెయ్యి.”

నిజమే. ఉద్యోగం నిలబడింది. పరువు నిలబడింది. నిశ్చింతగా ఉండాల్సిన మనిషి ప్రెస్సుకి తిరిగొచ్చేదాకా ముప్పై ఎనిమిది, అరవై రెండు అని వేళ్ల మీద లెక్కవేసుకుంటూనే ఉంది.

సరిచెయ్యడానికి ఎంతసేపు? కుడి గడుల్లో పైన ఒక అర్థం తీసేస్తే మిగతావన్నీ వాటంతటవే మెట్టు ఎక్కి కూర్చుంటాయి. చివర్లో ఆ చెరిపేసినది తిరిగి కొడితే పని అయిపోయినట్టే. రెండు నిమిషాల పని. కానీ ఈసారి ఆమె గడుల్ని నమ్మలేదు. డిక్షనరీ ఒళ్లో పెట్టుకుని ఒక్కో మాటా వెతికింది. లేటెంట్. పైకి కనిపించకుండా లోపల దాగి ఉన్నది. లాడబుల్. మెచ్చుకోదగ్గది. లెథార్జిక్. ఇదన్నమాట మందకొడి. వెతుకుతుంటే మాట ఆకారం పోయి మనిషిలా కనబడడం మొదలుపెట్టింది. లోక్వేషియస్ అనగానే పక్కింటి పోస్టుమాన్ భార్య గుర్తొచ్చి ఒక్కత్తీ నవ్వుకుంది. మెటిక్యులస్ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. వివరాలన్నీ జాగ్రత్తగా చూసుకునే, అని ఉంది డిక్షనరీలో. తను ఇన్నాళ్లూ తనని తాను అలాగే అనుకుంది.

రెండు వందల పైచిలుకు మాటలు. బుధవారం పొద్దున పదకొండింటికల్లా అయిపోయాయి. బస్సులో వేలాడుతున్నా, కూర తరుగుతున్నా అవే తలలో గిర్రున తిరుగుతున్నాయి. ఎవరైనా పలకరిస్తే ఉలిక్కిపడుతోంది. అత్తగారు ఊరుకోకుండా, “ఇంగ్లీషు పట్టిందా ఏమే నీకు? నిమ్మకాయ దిష్టి తీసేదా?” అని ఒకటే వేళాకోళం.

డిక్షనరీ తిరిగి ఇవ్వాలి కదా అని తనకి తాను చెప్పుకుని కళ్లజోళ్ల షాపుకి వెళ్లింది. పిల్ల మెత్తటి గుడ్డతో అద్దాన్ని గుండ్రంగా తుడుస్తోంది. ఊదుతుంది, తుడుస్తుంది, వెలుగులో పట్టి చూస్తుంది. ఆపరేటరమ్మ పుస్తకం అక్కడ పెట్టి, నీళ్లు నములుతూ మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతే మళ్లీ ఎప్పటికీ చెప్పలేనని ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. మాట తీసెయ్యడం, అర్థం మిగలడం, తను చెరిపేయడం, మాష్టారి గదిలో జరిగింది, అన్నీ.

పిల్ల తుడవడం ఆపలేదు. “వరుస జారిందని నాకు మొదటి రోజే తెలుసక్కా. ఎవరు జార్చారో తెలియదంతే.”

“తెలుసా?”

“పుస్తకంలో ఉన్నది రాస్తే మార్కొస్తుందని కూడా తెలుసు. మా బల్ల మీద ఇద్దరికి సరైనవి తెలుసు. అయినా పుస్తకంలోవే రాశారు. నన్నూ రాయమన్నారు. రాద్దామనే కూర్చున్నాను.” పిల్ల గుడ్డ మడత మార్చింది. “మలెవొలెంట్ అంటే చెడు కోరే అని కదా, దాని దగ్గర పెద్ద మనసు గల అని రాయబోయాను. చెయ్యి రాలేదక్కా. ఆ మాట కోసం ఒక రోజంతా తిప్పలు పడ్డాను. దాన్ని నా చేత్తో నేనే ఎలా పాడుచేస్తాను?”

“మాష్టారికి చెప్పలేదా?”

“చెప్పాను. ముందు పుస్తకం బట్టీ పట్టు, పాండిత్యం తర్వాత అన్నారు. హాలంతా నవ్వారు. అందుకే జిరాక్సులు తీయించాను. నిన్న తీసుకెళ్తే జాబితా వేసేశాం అన్నారు.” అప్పుడు మొదటిసారి ఆపరేటరమ్మ కళ్లలోకి చూసింది. “మీరు సోమవారమే చెప్పాల్సిందక్కా. ఇచ్చింది ఇచ్చినట్టు వేస్తామన్నారు.”

అరిచి ఉంటే బాగుండేది. తిట్టినా బాగుండేది. పిల్ల మాత్రం ఇంకో కళ్లజోడు తీసుకుని ఊదింది. ఆపరేటరమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. ముప్పై ఎనిమిదేళ్ల తను ఒక్క మాటతో తప్పించుకుంది, ఇరవై నిండని ఈ పిల్ల అరవై రెండు సార్లు తప్పించుకోనంది. గాజు బల్ల మీద తన వేలిముద్ర పడితే చీర కొంగుతో తుడిచి బయటికి వచ్చేసింది.

గురువారం కొత్త పేజీల కట్టలు ఆటోలో వేసుకుని ఆమే వెళ్లింది. యజమాని వద్దనలేదు, ఎవరో ఒకరు పోవాలి కదా. రేకుల హాల్లో నాలుగు వందల మంది, పొడుగాటి బల్లలు, పైన ఫ్యాన్లకి చప్పుడు ఎక్కువ గాలి తక్కువ. ఉచిత సీటు పిల్ల మూడో వరుస చివర కూర్చుని ఉంది. సంచీ అప్పటికే భుజానికి తగిలించుకుని ఉంది.

ఆపరేటరమ్మ బల్ల బల్లకీ పేజీలు ఇచ్చుకుంటూ వెనక్కి నడిచింది.

“ఇవి సవరించిన పేజీలు,” మైకులో మాష్టారి బొంగురు గొంతు. “పాతవి చింపేసి ఇవి అతికించుకోండి. ఇకనుంచి ఇవే చదవండి.”

ముందు బల్ల మీద మొదటి ర్యాంకు కుర్రాడు లేచాడు. “ఏం మారింది సార్?”

“ఏం లేదు. కొంచెం మెరుగుపరిచాం.”

పాత పేజీలు చింపుతున్న చప్పుడు హాలంతా వ్యాపించింది. ఆపరేటరమ్మ చివరి బల్ల దగ్గర ఉంది, చేతిలో ఇంకా పది కాగితాలున్నాయి. ఆ చప్పుడు ఆమెకి భరించరానిదైంది. ఇంకో నిమిషం పోతే ఆ తప్పు ఇక్కడ ఎవరి దగ్గరా ఉండదు, ముప్పై ఎనిమిది మాత్రం గోడ మీద ఉంటుంది.

“మెరుగుపరచలేదు,” అంది. ఫ్యాన్ల చప్పుడులో ఎవరికీ వినపడలేదు. ఇంకోసారి, ఈసారి బస్సు ఆపేంత గట్టిగా అంది. “మెరుగుపరచలేదండీ! చింపకండి. నేను ప్రెస్సులో కంపోజ్ చేసేదాన్ని. అరవై ఒకటో పేజీ నుంచి అర్థాలన్నీ ఒక వరుస జారిపోయాయి. తప్పు నాది. మాష్టారు సరిగ్గానే రాసిచ్చారు.”

నాలుగు వందల తలలు వెనక్కి తిరిగాయి. మాష్టారు మైకు దగ్గర బిగుసుకుపోయాడు. ఉద్యోగం పోయింది అని ఆమె లోపల ఎవరో అన్నారు. పోతే పోయింది. చేతిలోని పది కాగితాలూ బల్ల మీద పెట్టేసింది.

“పుస్తకంలో ఉన్నది రాసినవాళ్లది తప్పు కాదు. కానీ ఆ పరీక్షలో ఆ మాటలకి సొంతంగా తెలిసింది రాసి సున్నా తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ఒకసారి చెయ్యెత్తండమ్మా.”

ఒక్క చెయ్యి కోసం అడిగింది ఆమె. ఆ చెయ్యి లేచింది, మూడో వరుస చివర, సంచీ తగిలించుకున్న భుజం మీదుగా. మాష్టారు ఏదో అనబోయాడు.

అప్పుడు ఆపరేటరమ్మ పక్కనే ఇంకొకటి లేచింది. సెక్యూరిటీ గార్డు యూనిఫాం మీదే డ్యూటీ నుంచి వచ్చి కూర్చున్న నడివయసు మనిషిది. సగం దాకా ఎత్తి, ఎత్తవచ్చో లేదో అన్నట్టు చుట్టూ చూశాడు. అవతలి బల్ల మీద ఒక బాలింత చెయ్యెత్తింది. కిటికీ దగ్గర ఇద్దరు. తలుపు పక్కన ఒకడు. అన్నీ వెనక బల్లలే. ఎప్పుడూ ముప్పైలూ నలభైలూ వచ్చేవాళ్లు, మార్కులు చదువుతుంటే తల దించుకుని కూర్చునేవాళ్లు. పదకొండు మంది.

“మీకెన్ని పోయాయి, అన్నయ్యా?” అంది ఆపరేటరమ్మ గార్డుతో.

“పన్నెండమ్మా. చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్నవి.” ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. “తప్పు పడ్డాయి కదా, బడిలోనే తప్పు చెప్పారు కాబోలు అనుకున్నాను. అవన్నీ మర్చిపోయి ఈ పుస్తకంలోవి బట్టీ పట్టేశాను. మొత్తం వచ్చేశాయి ఇప్పుడు.”

హాల్లో ఎవరూ నవ్వలేదు. మూడో వరుసలో పిల్ల పూర్తిగా వెనక్కి తిరిగి ఆ చేతుల్ని ఒక్కొక్కటే చూస్తోంది. తను ఒక్కతే అనుకుంది ఇన్నాళ్లూ. ఆమె కళ్లలో నీళ్లు తిరగడం ఆపరేటరమ్మకి అంత దూరం నుంచీ కనిపించింది.

“చేతులు దించండి,” అన్నాడు మాష్టారు మైకులో.

ఎవరూ దించలేదు. మొదటి ర్యాంకు కుర్రాడు తన కొత్త పేజీని పాత పేజీ పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కో వరుసా సరిచూసుకుంటూ, తలెత్తకుండానే, “సార్, నావి ఎన్ని ఉంటాయో చూడండి సార్ మళ్లీ,” అన్నాడు.

మాష్టారు వెనక బల్లలవైపు చూసి ఆ చేతుల్ని లెక్కపెట్టాడు. ఆఖరికి మైకు పక్కకి జరిపి, ఆఫీసు గదివైపు తిరిగి, ఆ పరీక్ష పేపర్ల కట్ట తీసుకురమ్మని చెప్పాడు. కట్ట వచ్చేదాకా ఆ చేతులు అలాగే ఉన్నాయి.